'కొన్ని చోట్ల' అంటే ఎన్ని చోట్లండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. కౌలుతో కలిపి ఓ ఆరెకరాలు వరి చేస్తాను, మీ పేపర్ రోజూ చదువుతాను. ఈ ఉత్తరం మీ వాతావరణం వార్త గురించండి. అందులో తప్పులున్నాయని కాదు, మాటలే ఉంటున్నాయి లెక్కలుండట్లేదు అని నా బాధ. మాసూళ్ల టైములో, అంటే వరి కోతలు నూర్పిళ్లప్పుడు, మీరు "కోస్తాంధ్రలో కొన్ని చోట్ల మోస్తరు వర్షాలు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది" అని ఒక్క లైను వేసి ఊరుకుంటారు. ఆ లైను మీద మా ఊరి టీకొట్టు దగ్గర పెద్ద పంచాయితీ అయిపోతుంది, ఎవరి తెలుగు వాళ్లది, ఎవరి ధైర్యం వాళ్లది.

పోయిన సార్వాలో, అదే ఖరీఫ్ పంటప్పుడు, జరిగిన సంగతి చెప్తాను. చేలు పండి వాలిపోయి ఉన్నాయి, కోత మిషన్ ఊళ్లోకొచ్చింది, అది ఇవాళ వదిలేస్తే మళ్లీ ఎప్పుడు దొరుకుద్దో ఎవరికీ తెలీదు. పేపర్ బల్ల మీద పరిచి ఉంది. మా పక్క చేను బాబాయ్ "కొన్ని చోట్లంటే ఎక్కడో నాలుగు ఊళ్లు రా అబ్బాయ్, కోస్తా అంటే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉంది, అంతలో మనమే దొరికామా ఏంటి వానకి, కోయించేద్దాం" అన్నాడు. ఆయన బావమరిది వరసాయన ఒప్పుకోలేదు, "అదేంటి బావా, కొన్ని అంటే ఇంచుమించు సగం, ఆ సగంలో మనం లేమని నీకెవడు చెప్పాడు" అంటాడు. టీకొట్టాయన మధ్యలో దూరి "చాలా చోట్లని రాస్తే భయపడాలి గానండి, కొన్ని అంటే పర్లేదండి" అన్నాడు. రిటైరైన మాస్టారొకాయన ఉన్నారు, ఆయన ఏ విషయమైనా తేల్చి చెప్తారు, "రెండు దాటాలి, పదికి లోపుండాలి, అదే కొన్ని" అని ఆయన తేల్చేశారు. నలుగురివీ నాలుగు లెక్కలు, నలుగురూ తెలుగు బాగా వచ్చినవాళ్లే. బాబాయ్ కోయించాడు. ధాన్యం రోడ్డు మీద ఆరబోశాడు. రాత్రికి వాన మొదలైంది, బరకాలు కప్పాం, ఇటుకలు పెట్టాం, అయినా వాలున్న వైపు నుంచి నీళ్లు కిందకి దూరి అడుగు ధాన్యం నానిపోయింది. రెండు పూటలు ముసురు వదల్లేదు, తర్వాత బరకం ఎత్తి చూస్తే అడుగు గింజలకి తెల్లగా మొలకలు. కోయనివాళ్ల చేలు పడిపోయాయనుకోండి, వాళ్లేదో బాగుపడ్డారని కాదు. కానీ కోయాలా ఆగాలా అని నిర్ణయం చేసుకోవాల్సిన పూట మా దగ్గరున్నది "కొన్ని" అనే ఒక్క మాట మాత్రమే.

తర్వాత మా అన్నయ్య కొడుకు వాతావరణ శాఖ వాళ్ల బులెటిన్ ఫోన్లో తీసి చూపించాడు. ఏంటంటే ఎడిటర్ గారూ, ఆ మాటలకి లెక్కలున్నాయి! బులెటిన్ కింద చిన్నక్షరాల్లో ఉంటాయి, పేపర్లోకి వచ్చేసరికి ఆ కింద ముక్క కత్తిరించేస్తున్నారు. వాళ్ల లెక్కలో ఒక ప్రాంతంలో వాన కొలిచే స్టేషన్లు ఎన్నున్నాయో వాటిలో 25 శాతం, అంతకంటే తక్కువ చోట్ల పడితే అది "ఒకటి రెండు చోట్ల", మీరు ఒక్కోసారి "అక్కడక్కడ" అని కూడా వేస్తారు. 26 నుంచి 50 శాతం అయితే "కొన్ని చోట్ల". 51 నుంచి 75 అయితే "చాలా చోట్ల". 76, ఆపైన అయితే "దాదాపు అన్ని చోట్ల". అంటే నలభై చోట్ల వాన కొలిచే గిన్నెలు పెట్టారనుకోండి, పది చోట్ల కుమ్మేసినా అది వాళ్ల భాషలో ఒకటి రెండు చోట్లే. ఇరవై చోట్ల పడినా ఇంకా కొన్ని చోట్లే. ఇది తెలిస్తే మా బాబాయ్ "నాలుగు ఊళ్లు" అనేవాడా చెప్పండి. బావమరిదాయన చెప్పిందే దగ్గరగా ఉంది, ఆయన కూడా ఊహించి అన్నాడు తప్ప తెలిసి కాదు.

వాన ఎంత అనేదానికీ అంతే. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే తేలికపాటి, 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి 115.5 దాకా భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఆ "మోస్తరు" అనే దాని పొడుగు చూడండి, పదహారు పడినా మోస్తరే, అరవైనాలుగు పడినా మోస్తరే. భారీ మొదలయ్యే అరవైనాలుగున్నర మిల్లీమీటర్లంటే ఏదో రెండున్నర అంగుళాలే కదా అనిపిస్తుంది గానీ, ఎకరం చేలో అంత వాన పడితే రెండు లక్షల అరవై వేల లీటర్ల నీళ్లు పడ్డట్టు. ఆ నీళ్లన్నీ మురుగు కాలవలోకి దిగాలి, మా వైపు డ్రైన్లలో గుర్రపుడెక్క ఎలా ఉంటుందో మీ విలేకరిని అడిగితే ఆయనే చెప్తాడు, ఆ కథ ఇంకో ఉత్తరం అవుద్ది.

ఇంకో తిరకాసు కూడా ఉందండి. ఈ తేలిక, మోస్తరు, భారీ అనేవి గిన్నెలో పడిన నీళ్లకి పెట్టిన పేర్లు, మా కళ్లానికి పెట్టినవి కాదు. జూలైలో నారుమళ్ల టైములో మోస్తరు వాన పడిందంటే పండగ. అదే నవంబర్ డిసెంబర్లో పనలు చేలో ఉన్నప్పుడో ధాన్యం రోడ్డు మీద ఉన్నప్పుడో "తేలికపాటి" అన్న పన్నెండు మిల్లీమీటర్లు చాలు మమ్మల్ని రోడ్డు మీద కూర్చోబెట్టడానికి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను, ఒక పేపర్ మిగ్‌జాం అని ఒక పేపర్ మిచాంగ్ అని రాసింది చూడండి, అది మాకు దూరంగానే దాటింది గానీ కోసిన వరి దాని వానకే తడిసింది. కాబట్టి "తేలికపాటి వర్షాలే" అని ఆ చివర "లే" ఒకటి తగిలించి హెడ్డింగ్ పెట్టే ముందు ఏ నెలో చూసుకోమని మీ డెస్కు వాళ్లకి చెప్పండి దయచేసి.

ఇది కుదరని పనేం కాదని నాకెలా తెలుసంటే, గోదావరి వరద వార్త మీరే చక్కగా రాస్తారు కదా! ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, పది లక్షల క్యూసెక్కులు అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులు, పదమూడు లక్షలు అయితే రెండోది, 17.75 అడుగులు, పదిహేడు లక్షలు అయితే మూడోది. భద్రాచలంలో అయితే 43, 48, 53 అడుగులు. ఇది మా వైపు బడికెళ్లని ముసలమ్మ కూడా చెప్తుంది. లంకల్లో ఉండే మా చుట్టాలు మీ పేపర్లో "గోదావరి ఉగ్రరూపం" అనే పెద్దక్షరాల జోలికే వెళ్లరు, కిందున్న అడుగులు చూస్తారు, భద్రాచలంలో ఇంతుంది, ఇంకా పెరుగుతోందా నిలకడా, మనదాకా వచ్చేసరికి ఎంతవుద్ది, కాజ్‌వే మునుగుద్దా లేదా, గేదెల్ని ఎప్పుడు గట్టుకి తోలాలి, అంతా ఆ ఒక్క అంకె మీద నడిచిపోద్ది. కనకాయలంక కాజ్‌వే అవతల ఉండేవాళ్లకి "భారీ వరద" అని చెప్తే ఏం ఉపయోగం, ఎన్ని అడుగులో చెప్తే పడవ ఎక్కాలా బండి మీద పోవచ్చా వాళ్లే తేల్చుకుంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు, ఈ రెండూ ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారు, ఏ వరద పెద్దది అని ఎవరూ కొట్టుకోరు. మరి నదికి చేసిన మర్యాద వానకి ఎందుకు చెయ్యరండీ?

వాన అయిపోయాక ఇంకో మాట దిగుతుంది, "పంటలు పాక్షికంగా దెబ్బతిన్నాయి" అని. ఆ పాక్షికంగా అనే మాట మాకు ప్రాణాంతకం. పరిహారానికి రూల్ ఏంటంటే పంట నష్టం 33 శాతం ఉండాలి, 2015కి ముందైతే 50 శాతం ఉండేది. అంటే 32 శాతం పోయినోడికీ పాక్షికమే, 60 శాతం పోయినోడికీ పాక్షికమే, కానీ మొదటోడికి పైసా రాదు. మీ వార్త చదివిన పట్నంలో మా బంధువులు ఫోన్ చేసి "పాక్షికమే అంట కదా, పర్లేదులే" అంటారు, ఒళ్లు మండిపోద్ది. పంట లెక్కకొచ్చే వ్యవసాయ శాఖ కుర్రాడు గట్టు మీద నిలబడి చేను వంక చూసి "కొంత పోయిందండి" అంటాడు, ఆ "కొంత" అతని ఫోన్లోకి ఎక్కేటప్పుడు 30 అవుద్దా 35 అవుద్దా అనేదే మా గొడవంతా. ఇళ్లకీ అంతే, పాక్షికంగా దెబ్బతిన్న ఇల్లు అనాలంటే కనీసం 15 శాతం నష్టం ఉండాలని రూల్లో ఉంది, అది తెలీక రెండు పెంకులు లేచిపోయినాయన కూడా లిస్టులో పేరు లేదని సచివాలయం ముందు కూర్చుంటాడు, గోడ పడిపోయినాయన నాది చిన్న నష్టమేలే అని అసలు వెళ్లడు. ఈ రెండు అంకెలు మీరు నష్టం వార్త పక్కన ఒక్కసారి వేస్తే సగం మంది అనవసరంగా తిరగరు, మిగతా సగం మంది కచ్చితంగా వెళ్లి అడుగుతారు. లెక్క చెప్పినంత మాత్రాన గొడవ ఆగిపోద్దని నేననట్లేదు, 33 అనేది కూడా కంటిచూపుతో వేసే లెక్కే. కాకపోతే అప్పుడు గొడవ కొలత మీద జరుగుతుంది, "మళ్లీ వచ్చి చూడండి, ఆ మూల మడి కూడా దిగి చూడండి" అని అడగొచ్చు. "కొంత" అన్నవాణ్ని ఏమని అడుగుతాం, కొంతే కదా పోయింది మరి!

అసలు ఈ కొంచెం, కొంత, కాస్త అనేవాటిల్లో నాకు అర్థమైంది ఏంటంటే, ఆ మాట ఎవరన్నారు అనేది పెద్ద విషయం కాదు, దానికి అర్థం చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉంది అనేదే విషయం. ధాన్యం అమ్మడానికెళ్తే బాగా తెలుస్తుంది. ప్రభుత్వం లెక్క ప్రకారం తేమ 17 శాతం ఉండొచ్చు, దెబ్బతిన్నవి, రంగు మారినవి, మొలకొచ్చినవి, పుచ్చినవి అన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. మా ధాన్యం తేమ రైతు సేవా కేంద్రంలో మిషన్ పెట్టి చూస్తే సరిగ్గానే ఉంది. మిల్లు దగ్గరికెళ్లేసరికి, ఆ మిల్లు పేరెందుకులెండి, గుమస్తా గింజలు నాలుగు నోట్లో వేసుకుని కొరికి "కొంచెం పచ్చిగా ఉందండి, బస్తాకి కొంచెం తగ్గించుకుంటాం" అన్నాడు. ఒకే మాటలో రెండు కొంచేలు చూశారా! మొదటి కొంచెం ఎంతని అడిగితే మిషన్ చూపించడు. రెండో కొంచెం మాత్రం అతని కాయితంలో స్పష్టంగా ఉంది, బస్తాకి రెండు కేజీలు. 75 కేజీల బస్తాలో రెండు కేజీలంటే నిజంగానే కొంచెంలాగే కనపడుతుంది. ఎకరానికి 35 బస్తాలైతే 70 కేజీలు, ఇంచుమించు ఒక బస్తా. 2025-26 మద్దతు ధర మామూలు రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, ఆ లెక్కన ఎకరానికి పదహారొందల యాభై దాకా ఎగిరిపోయినట్టు, కౌలు రైతుకి అది కొంచెం కాదు. లారీ వెనకాల ఇంకో మూడు లారీలున్నాయి, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, వాదించే టైము ఎవడిస్తాడు.

అలాగని నేను ప్రతి మాటకీ అంకె తగిలించమనే చాదస్తుణ్ని కాదండి. మా ఆవిడ పులస వండేటప్పుడు "కాసింత బెల్లం ముక్క వెయ్యాలి" అంటుంది, ఆ కాసింత ఎంతో వాళ్లమ్మకి తెలుసు, మా కోడలికి కూడా ఈపాటికి తెలిసింది, తేడా వస్తే ఆ పూటే కూర తిని చెప్పేస్తాం. పక్కపక్కన ఉండేవాళ్ల మధ్య ఈ మాటలు హాయిగా నడుస్తాయి, నడవాలి కూడా. పెళ్లి కబురు చెప్పడానికొచ్చినాయన "ఓ పదిమందిమి వస్తాం బావగారూ" అంటే ఇరవై ఆకులు సిద్ధం చేసుకోవాలని మన గోదారోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వడ్డించేటప్పుడు "చాలు చాలు, కొంచెమే" అంటే ఇంకో గరిటె వెయ్యకపోతే మాటొచ్చుద్ది.

ఆ మర్యాద భాషే డబ్బు వ్యవహారంలోకొస్తే మళ్లీ గొడవే. మా తోడల్లుడు మండపేట వైపు క్యాటరింగ్ చేస్తాడు. పెళ్లివారు "ఓ మూడొందలు, అటూ ఇటూ" అని చెప్పి అడ్వాన్సు ఇస్తారు. ఆ అటూ ఇటూ ఎప్పుడూ అటే గానీ ఇటు రాదు. భోజనాలయ్యాక కుర్రాళ్లు ఎంగిలాకులు లెక్కపెట్టి ఎనభై చిల్లర ఎక్కువయ్యాయంటే, పెళ్లికూతురి మేనమామ "ఏవో కొన్ని ఆకులు ఎక్కువైతే అయ్యాయి, శుభకార్యం దగ్గర ఆకులు లెక్కెడతారేంటండీ" అని ఎదురు తగువు పెట్టుకుంటాడు. ఇప్పుడు మావాడు కాయితం మీద రాయించుకుంటున్నాడు, మూడొందలకి పది ఆకుల దాకా వదిలేస్తాను, ఆ పైన ఆకుకి ఇంత అని. మొదట్లో అందరూ మొహం మాడ్చారు, వీడేంటి మరీ కోమటి లెక్కలేస్తున్నాడని వెటకారాలాడారు, ఇప్పుడు ఎవరూ ఏమీ అనట్లేదు, పైగా కబురు చెప్పేముందు ఇంట్లో కూర్చుని నిజంగా ఎంతమందిని పిలిచామా అని లెక్క చూసుకుని వస్తున్నారంట. అదొక్కటి చాలదండీ?

ఇదేదో చదువురాని పల్లెటూరి తగువు అనుకుంటారేమో, అమెరికా గూఢచారి సంస్థలో పెద్దపెద్దోళ్లకే జరిగింది. 1951లో యుగోస్లావియా మీద దాడి జరుగుద్దా అని వాళ్లొక రిపోర్టు రాశారు, దాడికి "గట్టి అవకాశం ఉందని భావించాలి" అన్నట్టు అందులో ఒక ముక్క పెట్టారు. రిపోర్టు తయారుచేసిన షెర్మన్ కెంట్‌ని తర్వాత ఒకాయన ఆ గట్టి అవకాశం అంటే ఎంతని అడిగితే, నూటికి 65 వంతులు అని ఆయన అన్నారు. అడిగినాయన కంగారుపడ్డాడు, తనూ తన వాళ్లూ ఆ అవకాశం చాలా తక్కువ అనుకున్నారంట. అప్పుడు కెంట్ తన సొంత టీముని కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగితే ఒకరు నూటికి 20 అన్నారు, ఇంకొకరు 80 అన్నారు! అందరూ కలిసి కూర్చుని ఒప్పుకుని రాసిన వాక్యం అది, ఒప్పుకున్నది మాటకి మాత్రమే, మాట వెనకాల ఎవరి అంకె వాళ్లదే. మా టీకొట్టు నయం, కనీసం పైకి పోట్లాడుకుంటాం.

మీరు రోజూ వేసే "కురిసే అవకాశం ఉంది" కూడా ఇదే బాపతు. వాతావరణ శాఖ బులెటిన్లో దానికీ మెట్లున్నాయి, మామూలు అవకాశం అంటే 25 నుంచి 50 శాతం, ఎక్కువ అవకాశం అంటే 50 నుంచి 75, ఆ పైన 75 దాటితే ఇంకా గట్టి మాట. పేపర్లో మాత్రం అన్నిటికీ కలిపి అవకాశం ఉంది అని ఒకటే. ముప్పై శాతం అవకాశానికి నేను కోత ఆపను. డెబ్భై అయితే మిషన్ వాడికి అడ్వాన్సు పోయినా ఆపేస్తాను. నిర్ణయం నాదే, నష్టమూ నాదే, ఆ అంకె మాత్రం నాకు ఇవ్వండి.

మిగతా పేజీల్లో కూడా ఈ జబ్బు ఉందండి, ఎలాగూ రాస్తున్నా కాబట్టి చెప్పేస్తున్నా. "భారీగా గంజాయి పట్టివేత" అని మూడు కాలాల హెడ్డింగ్ ఉంటుంది, లోపల చదివితే రెండు కేజీలు. చట్టంలో గంజాయికి ఒక కేజీ దాకా చిన్న పరిమాణం, 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం అని స్పష్టంగా గీతలున్నాయి, శిక్ష వాటిని బట్టే మారుద్ది. రెండు కేజీలకీ రెండొందల కేజీలకీ మీ దగ్గర ఒకటే "భారీ" అయితే ఎలా. సభలకి జనం "వేలాదిగా" అని మీరు, అదే సభకి "పలువురు" అని ఇంకో పేపరు, మైదానం ఒకటే, ఏ పేపర్ ఎవరి వైపో జనాన్ని బట్టి తెలిసిపోతోంది. రైతుల్లో కూడా చూడండి, మా ఊళ్లో పదెకరాలుంటే మోతుబరి. వ్యవసాయ లెక్కల్లో రెండున్నర ఎకరాల లోపు సన్నకారు, అయిదెకరాల దాకా చిన్నకారు, మా మోతుబరి గారు అప్పుడప్పుడే మధ్యతరహాలోకి అడుగుపెట్టినాయన, పెద్ద రైతు అనాలంటే 10 హెక్టార్లు, అంటే దాదాపు పాతికెకరాలు ఉండాలి. "పెద్ద రైతులకే లాభం" అని మీరు వేసినరోజు ఆయన్ని అందరూ అదోలా చూశారు పాపం.

ఒక్కటి మాత్రం వద్దు. లెక్కలు కావాలన్నాడు కదా అని లేని లెక్కలు వెయ్యకండి. రాత్రి తుఫాను తీరం దాటుద్ది, కరెంటుండదు, చెట్లు అడ్డంపడి రోడ్లు తెగిపోయి ఉంటాయి, తెల్లారేసరికి జిల్లాలో ఇన్ని వేల ఇన్ని వందల ఇన్ని ఎకరాలు అని ఒకట్ల స్థానం దాకా అచ్చయిపోద్ది. ఎవరు దిగి చూశారండీ ఆ చివరి ఎకరాలు? అలాంటప్పుడు "ఇంకా లెక్క తేలలేదు, అధికారులు పైపైన చెప్తున్నది ఇంత" అని రాస్తే మేమేం మిమ్మల్ని తక్కువ చెయ్యం. తెలీనప్పుడు పలువురు అని రాయండి, తెలిసీ పలువురు అని రాయకండి.

కాబట్టి నేనడిగేది పెద్ద పని కాదు. వాతావరణం వార్త పక్కన అగ్గిపెట్టంత డబ్బా ఒకటి గీసి ఎన్ని చోట్లకి ఎంత శాతం, ఏ వానకి ఎన్ని మిల్లీమీటర్లు, అవకాశం అంటే ఎంత, ఈ మూడు ముక్కలు రోజూ వెయ్యండి. తుఫాను తర్వాత నష్టం వార్తలు వచ్చినన్నాళ్లు 33 శాతం, 15 శాతం ఆ పక్కనే ఉంచండి. కొనుగోళ్లు మొదలైన రోజు నుంచి 17, 5 అనే అంకెలు జిల్లా ఎడిషన్లో కనపడేలా వెయ్యండి, మిల్లు దగ్గర గుమస్తా ముందు ఆ కాగితం ముక్క తెరిచి పట్టుకుంటాం, మా నోటి మాట కంటే అచ్చులో ఉన్నదానికి విలువెక్కువ. ఖాళీ లేదంటారా, ఆ పేజీలో రాశిఫలాలు సగం పేజీ ఉంటున్నాయి, "కొంత ధనవ్యయం" అని అందులోనూ కొంతే!

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, గాలివానలూ అప్పుడే వస్తాయి. డబ్బా ఆ లోపు మొదలెడితే మాకు పనికొస్తుందండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
రామచంద్రపురం దగ్గర నుంచి